నులకతాడుతో కొలిచిన వంటగట్టు

ఈ సంగతి ఇన్నాళ్లూ ఎందుకు రాయలేదని ఎవరైనా అడిగితే జవాబు చిన్నదే. నాకు రాయడం వచ్చేది కాదు. నలభై ఎనిమిదేళ్లు వచ్చేవరకు నేను అక్షరాల జోలికి పోలేదు. అవి మాత్రం రోజూ నా నెత్తి మీదే ఉండేవి, సిమెంటు బస్తాల మీద అచ్చేసి. ఆ తర్వాత నేర్చుకున్నానే గాని ఒత్తులు కుదురుగా కూర్చోడానికి ఇంకొన్నేళ్లు పట్టింది. ఇప్పుడు మోకాళ్లు నిచ్చెన ఎక్కనివ్వడం లేదు. కూర్చుని చేసే పని ఇదొక్కటే మిగిలింది. తాపీ పట్టుకున్న ఆడపిల్లలు ఈమధ్య అక్కడక్కడా కనిపిస్తున్నారు. వాళ్ల కోసం రాస్తున్నాను. మగపిల్లలు చదివినా తప్పులేదు.

ఇరవై ఏళ్లు నేను మోసింది గమేళా. కలిపిన సిమెంటు మాలు నింపుకుని నెత్తిన పెట్టుకునే ఇనప బేసిను. మాలు కలపడం, ఇటుకలు తడపడం, అందించడం, సాయంత్రం కట్టిన గోడకి నీళ్లు కొట్టడం, ఇవన్నీ ఆడవాళ్ల పనులు. తాపీ మాత్రం మగాడి చేతిలోదే. మా మేస్త్రి భోజనానికి కూర్చున్నప్పుడు నేను రెండు మూడు వరసలు కట్టి చూసేదాన్ని. ఆయన తిన్నాక వచ్చి చూసి, బాగాలేకపోతే తన్ని పడగొట్టేవాడు, బాగుంటే ఏమీ అనేవాడు కాదు. ఏమీ అనని రోజులు క్రమంగా ఎక్కువయ్యాయి.

రెండు వేల సంవత్సరం దాటిన కొత్తలో అనకాపల్లిలో నిలబడి వండే గట్ల పిచ్చి పట్టింది. ఏ ఇంట్లో చూసినా కింద కూర్చుని వండే పొయ్యి తీసేసి, నల్లరాయి గట్టు కట్టించి, గట్టు కింద సిలిండరు దాచిపెట్టేవాళ్లు. అలా మాకు టీచరమ్మగారి వంటిల్లు దొరికింది. ఆవిడ ఆడపిల్లల బడిలో లెక్కలు చెప్పేవారు. ఇంట్లో ఆవిడా, ఆవిడ అత్తగారూ. భర్త వేరే ఊళ్లో ఉద్యోగం, సెలవలకే వచ్చేవాడు. వాళ్లు చర్చికి వెళ్లేవాళ్లు. రెండు ఆదివారాలు పోయాక వాళ్లింట్లో ప్రార్థన కూడిక ఉంది. నలభై మంది భోజనానికి వస్తారు. ఆ వంట కొత్త గట్టు మీద జరగాలి. అదీ షరతు.

పాత వంటిల్లు పగలగొట్టిన రెండో రోజున మా మేస్త్రి బెల్లం మార్కెట్టులో, వాన తడికి కరిగి కారిన బెల్లం మీద కాలేసి పడ్డాడు. కుడి మణికట్టు విరిగింది. ఈ ఊళ్లో బెల్లం మీద బతికినవాళ్లు చాలామంది. బెల్లం మీద పడి చెయ్యి విరగ్గొట్టుకున్నవాడు మాత్రం నాకు తెలిసి ఆయన ఒక్కడే. కట్టు విప్పడానికి నెలన్నర పడుతుందన్నారు.

నేను చూడ్డానికి వెళితే, మంచం మీద కూర్చునే తన తాపీ తీసి నా ముందు పెట్టాడు. పిడి దగ్గర ఆయన బొటనవేలు అరగదీసిన గుంట ఉంటుంది.

"నువ్వే కట్టు," అన్నాడు.

"నానా? టీచరమ్మ ఒప్పుకుంతాదేటి?"

"నాను సెప్తాను. సూడు, ఆదివారం నాటికి ఆ గట్టు మీద కూడు ఉడికిందంటే ఈ తాపీ నీది. ఆ తరవాత నీ పనులు నువ్వే ఒప్పుకో, నీ కూలోళ్లని నువ్వే పెట్టుకో. ఉడకనేదనుకో, మరి మాట్లాడకు, గమేళా ఎత్తు. నాను మళ్లీ ఇంకోపాలి ఎవుడికీ సెప్పలేను."

అని, ఎడం చేత్తో పెన్సిలు పట్టుకుని, నాలిక బయటపెట్టి, చాలాసేపు కష్టపడి ఒక చీటీ రాసి ఇచ్చాడు. కొలతలన్నీ అందులో ఉన్నాయన్నాడు. నేను మడతపెట్టి బొడ్డు సంచిలో వేసుకున్నాను.

నాకు అప్పటికి అంకెలు కూడా రావు. ఇరవై ఏళ్లు టేపు ఒక కొన నేను పట్టుకుంటే రెండో కొన దగ్గర మేస్త్రి చదివేవాడు. నేను పట్టుకున్న కొన దగ్గర ఏమీ ఉండదు, అక్కడ చదవాల్సింది లేదు. అందుకని ఈ సంగతి ఎవరికీ తెలియలేదు. ఆయనకీ తెలియదు. ఆ రోజే చెప్పి ఉండొచ్చు. కాని తాపీ ఒళ్లో ఉంది. చెబితే వెనక్కి తీసుకుంటాడేమోనని భయం.

మర్నాడు పొద్దున కూలీలం నిలబడే అడ్డా దగ్గర ఈ కబురు నాకంటే ముందే చేరింది. అక్కడ మెడకి తువ్వాలు చుట్టుకుని తిరిగే మేస్త్రి ఒకడున్నాడు, నాకు బావ వరస.

"ఏటోలే, తాపీ పట్టేవంట! ఆడదానికి తాపీ ఇత్తే గోడకి జడేత్తాది," అన్నాడు. అందరూ నవ్వారు.

"ఏత్తే ఏసేను బావా, నీ గోడల్లాగ బోడిగుండు మీద వంకరపాపిడి తియ్యను కదా," అన్నాను. నా తోటి కూలి పకపకా నవ్వింది. ఆవిడ నన్ను వదినా అంటుంది. ఆ పదిరోజులూ నాకు గమేళా మోసింది ఆవిడే. మాట గెలిచాను గాని, బొడ్డు సంచిలో చీటీ మాత్రం నిప్పులా ఉంది.

అప్పుడు నాకొక ఉపాయం తట్టింది. మేస్త్రి తన ఇంట్లో కట్టుకున్న వంటగట్టు ఉంది కదా. చీటీలో ఏది రాశాడో ఆ గట్టు అదే అయి ఉంటుంది. మా ఇంట్లో మంచం అల్లగా మిగిలిన నులకతాడు ముక్క ఒకటుంది. అది కొంగులో దాచుకుని, నాలుగు మునక్కాడలు పట్టుకుని మళ్లీ పరామర్శకి వెళ్లాను. మేస్త్రి కునుకు తీస్తున్నాడు. నేను వంటింట్లోకి దూరి, నేల నుంచి గట్టు బండ అడుగు దాకా తాడు పట్టి ఒక ముడి వేశాను. గట్టు వెడల్పుకి ఒకటి. సిలిండరు పెట్టే అరకి ఒకటి. ఇంతలో మేస్త్రి భార్య వచ్చింది.

"ఏటే, నా గట్టుకి మొలతాడు కడతన్నావేటి?"

"నేదప్పా, దిష్టి తగలకుండా సూత్తన్నాను," అన్నాను. నోటికొచ్చింది అదే.

ఆవిడ గట్టు కింద వంగి చూసింది, నా వంక చూసింది, మునక్కాడల వంక చూసింది. "ఇంకో నాలుగు కాడలు తేవలసింది, పొయ్యికి కూడా దిష్టి తగిలినట్టుంది," అంది.

మొత్తానికి మూడు ముడులతో బయటపడ్డాను. నాకంటే తెలివైనది అనకాపల్లిలో లేదనుకున్నాను.

ఇక్కడ నా తప్పు మొదలైంది. అది నిర్లక్ష్యంతో చేసిన తప్పు కాదు. అతిజాగ్రత్తతో చేసిన తప్పు. గోడ మీద తిన్నగా గీత పడాలంటే మేస్త్రులు దారానికి నీలిమందు అద్ది, రెండు కొనలూ బిగించి, మధ్యలో లాగి వదులుతారు. టప్పున నీలిగీత పడుతుంది. నా మొదటి గట్టుకి గీత ఇంకా బాగా పడాలని, ఆ నులకతాడు మొత్తం నీలిమందు బకెట్లో నానబెట్టాను. ఒక రాత్రంతా. పొద్దున తీసి, పిండి, ఆ తడి తాడుతోనే నేల నుంచి ఎత్తు కొలిచి, దానితోనే గీత కొట్టాను. ఎంత చక్కటి గీతనుకున్నారు! ఇటుక కాళ్లు ఆ గీత దాకా కట్టాను. వాటి మీద బండ పరిచాను. తూకం గుండు కట్టి చూస్తే ఎక్కడా వెంట్రుకవాసి తేడా లేదు.

టీచరమ్మగారు బడి నుంచి రాగానే గుమ్మంలో చెప్పులు విడుస్తూ అడిగేవారు. "చీటీ చూసుకున్నావా?"

"సూసేనమ్మా."

అది అబద్ధం కాదు. రోజుకి పదిసార్లు చూసేదాన్ని.

ఆ ఇంట్లో అసలు కష్టం కొలతలు కాదు, పెద్దమ్మగారు. టీచరమ్మగారి అత్తగారు. డెబ్బై దాటినా పళ్లన్నీ ఉన్నాయి, మాటలు అంతకంటే ఎక్కువ ఉన్నాయి. వంటింటి నేలలో పాతిన రుబ్బురోలు ఆవిడ కాపురానికి వచ్చినప్పటిది. అది తియ్యకూడదు. తియ్యకపోతే గట్టు కాలు దాని నడుం మీద దిగుతుంది. కాళ్లు కట్టకముందు దీని మీద రెండు రోజులు వాదన జరిగింది.

"మిక్సీ ఉందికదా అత్తయ్యా."

"మిక్సీ రుబ్బుతాదా, అరుత్తాదా? కరెంటు పోతే నీ మిక్సీ నోట్లో ఏటేత్తావు?"

చివరికి రోలు పోదు, పెరటి వసారాలోకి మారుతుంది అని సంధి కుదిరింది. నేనూ నా తోటి కూలీ దాన్ని పెకలించి దొర్లించాం. అది స్నానాలగది గుమ్మం ముందుకు వెళ్లి అడ్డంగా ఆగి, ఇంక కదలనంది. రెండు రోజులు ఆ ఇంట్లో స్నానానికి వెళ్లేవాళ్లు రోలు దాటి వెళ్లారు. పెద్దమ్మగారు ఎవరైనా దాటినప్పుడల్లా కాళ్లు పైకెత్తమని కేకేసేవారు, రోలుకి మర్యాద తప్పుతుందని. మూడో రోజున గునపంతో దాన్ని వసారాలో వంటింటి గోడ పక్కకి చేర్చాం.

తర్వాత రాయి రంగు. టీచరమ్మగారికి నలుపు కావాలి. పెద్దమ్మగారికి ఎరుపు.

"నల్లరాయి మీద ఉప్పు కనిపిత్తాది, పిండి కనిపిత్తాది, సీమ కనిపించదు. సీమలు తిని సస్తామా?"

"ఎర్రరాయి సమాధులకి వేస్తారు అత్తయ్యా."

"మరింక మంచిదే కదా. నాకు అలవాటవుతాది."

నలుపే వచ్చింది. కొట్టువాడు వచ్చి, కట్టిన గట్టు మీదే టేపు పెట్టి కొలుచుకుని కోసి తెచ్చాడు కాబట్టి రాయి అతికినట్టు సరిపోయింది. దాంతో నా ధైర్యం ఇంకా పెరిగింది. ఇక సిలిండరు సంగతి. పెద్దమ్మగారికి గ్యాసంటే బాంబే. "నా పక్కలో బాంబెట్టి నన్ను పడుకోమంతారు," అని రోజూ అనేవారు. గట్టు కిందికి వెళ్లిపోతే కనిపించదు, కనిపించకపోతే భయం ఉండదు అని టీచరమ్మగారి లెక్క.

కూడికకి రెండు రోజుల ముందు, శుక్రవారం సాయంత్రం, సిలిండరు లోపలికి తెచ్చాం. నేను దొర్లిస్తుంటే నా తోటి కూలి వంగి చూస్తోంది. సిలిండరు గట్టు కింద అరలోకి చక్కగా దూరింది. టీచరమ్మగారు చప్పట్లు కొట్టారు. నేను తాపీని చీర చెంగుతో తుడుచుకున్నాను. అప్పుడు ఆవిడ వంగి రెగ్యులేటరు బిగించబోయారు.

సిలిండరు మూతికీ బండకీ మధ్య చెయ్యి దూరుతోంది. రెగ్యులేటరు దూరడం లేదు. ఆవిడ పక్కనుంచి పెట్టారు. వెనకనుంచి పెట్టారు. నేను సిలిండరు వంచి పట్టుకున్నాను. వంచితే దూరుతోంది, నిలబెడితే బండకి కొట్టుకుంటోంది. ఒకటిన్నర వేలు తక్కువ. అంతే. ఒక మనిషి బతుకుకి ఒకటిన్నర వేలు ఎంతో చూడండి.

పెద్దమ్మగారు వచ్చి చూసి, "రేపట్నించి దాన్నలాగ వంచి పట్టుకోడానికి ఓ మనిషిని పెట్టుకో. నువ్వొండు, అది పట్టుకుంతాది," అని కోడలితో అన్నారు.

టీచరమ్మగారు గట్టు వంక చూసి, క్యాలెండరు వంక చూసి, "ఆదివారం నలభై మంది," అని మాత్రం అన్నారు.

దారిలో నా తోటి కూలి నాకు ధైర్యం చెప్పబోయింది.

"రెగ్యులేటరు పెద్దదైపోనాదని సెప్పీ వదినా. కంపినీవోడు పెద్దది ఇచ్చీసేడను."

"అన్ని ఇళ్లలోనూ అదే కదే."

"పోనీ గట్టు కుంగిందను."

నాకు ఆ మాట నచ్చింది. శనివారం పొద్దున్నే వెళ్లి నా తాడు తీసి గట్టు పక్కన వేలాడదీశాను. ఎండిన తాడు. మొదటి ముడి నేలకి ఆనేసరికి కొన బండ అడుగు దాటి రెండు వేళ్లు పైకి ఉంది.

"సూసేవా! నిజంగానే కుంగిపోనాదే!" అని అరిచాను.

"గట్టు కుంగితే కాళ్లు భూమిలోకి దిగాలి కదా వదినా. టైల్సు పగలాలి కదా," అంది ఆవిడ. అంతకు ముందురోజు అబద్ధం చెప్పమన్న మనిషి, ఆ రోజు న్యాయం మాట్లాడుతోంది.

అదే సమయంలో వసారాలో పెద్దమ్మగారు తన మంచం పక్కన నిలబడి కేకేశారు. "ఓలే, ఈ నులక వదులైపోయి నడుం నేలకి తగులుతన్నాది. నాలుగు చెంబుల నీళ్లు సల్లవే, బిగుత్తాది."

నా తోటి కూలి చెంబుతో నీళ్లు తీసుకెళ్లి మంచం మీద చల్లింది. నేను చేతిలో తాడు పట్టుకుని అది చూస్తూ నిలబడిపోయాను. నులక తడిస్తే బిగుసుకుంటుంది, కురచనవుతుంది. ఎండితే మళ్లీ సాగుతుంది. పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచి నేను మంచాలకి నీళ్లు చల్లినదాన్నే. మా ఊళ్లో చంటిపిల్లకి కూడా తెలుసు. అది మంచానికి ఉన్నప్పుడు నులక, నా చేతిలోకి వచ్చాక కొలత అయిపోయింది. మనకి తెలిసిన విషయం కొత్త పనిలోకి వచ్చేసరికి ముసుగేసుకుని వస్తుంది. గుర్తుపట్టం.

గట్టు పడగొట్టి మళ్లీ కడితే వారం ఆరాలి. నేల తవ్వి సిలిండరు గోతిలో దించుదామంటే, గోతిలో గ్యాసు పెట్టకూడదని మేస్త్రి ఎన్నిసార్లు చెప్పాడో. ఇక మిగిలింది గోడ. వంటింటి గోడకి అవతల పెరటి వసారా. అక్కడ సిలిండరు పెట్టి, గోడకి కన్నం చేసి, పైపు లోపలికి తేవచ్చు. విశాఖపట్నంలో ఒక పెద్ద మేడలో పనిచేసినప్పుడు అలా చూశాను.

"కొత్త పేషనని సెప్పీ వదినా," అంది నా తోటి కూలి. "మనమే కావాలని ఇలాగ సేసేమను."

అలాగే చెప్పేద్దామనే వెళ్లాను. టీచరమ్మగారు పరీక్ష పేపర్లు దిద్దుతున్నారు. ఎర్ర సిరా పెన్ను. ఆ పెన్ను చూసేసరికి నా నోట్లోంచి వేరే మాట వచ్చింది.

"తప్పు నాదేనమ్మా. తాడు తడిపేసేను. తడిసిన తాడుతో కొలిసేను. పొట్టిదైపోనాది."

"తాడేమిటి? టేపు ఉంది కదా?"

"తాడు అలవాటమ్మా," అన్నాను. సగం నిజం చెప్పడం కూడా ఒక విద్యే. తర్వాత గోడ కన్నం సంగతి చెప్పాను. ఆవిడ పెన్ను మూసి, లేచి వచ్చి, వసారా చూసి, "గ్యాసు మెకానిక్కుని నేను పిలుస్తాను. నువ్వు కన్నం మొదలెట్టు," అన్నారు. తిట్టలేదు. తిట్టి ఉంటే తేలిగ్గా ఉండేది.

నేను లోపలినుంచి సుత్తితో ఉలి మీద కొడుతున్నాను. ఉలి బయటికి రాగానే కేకెయ్యమని నా తోటి కూలిని అవతల నిలబెట్టాను. ఆవిడ ఉలి వచ్చే చోటే చూస్తోంది గాని, ఆ కింద ఏముందో చూడలేదు. కింద రోలు ఉంది. రోలు ముందు పెద్దమ్మగారు ఆదివారం గారెలకి మినపపప్పు రుబ్బుతున్నారు. ఒక్క దెబ్బకి గోడ పెచ్చు ఊడి, సున్నంతో సహా రోట్లో పడింది.

గోడకి పడిన కన్నంలోంచి మొదటగా లోపలికి వచ్చినది పెద్దమ్మగారి గొంతు. "ఇదేటే, గారెల్లోకి మసాలానా? సున్నం నువ్వేసేవు, తమలపాకులు ఎవులు తెత్తారు?"

పిండి పారబోసి, రోలు కడిగి, మళ్లీ పప్పు నానబోసి, మళ్లీ రుబ్బి ఇచ్చాను. ఆ పనికి తాపీ అక్కర్లేదు. మధ్యాహ్నం మెకానిక్కు వచ్చి పైపు బిగించి, సబ్బునీళ్లు పూసి చూసి, బాగుందన్నాడు. సాయంత్రంలోపు సిలిండరు చుట్టూ నాలుగు వరసల ఇటుకతో చిన్న గూడు కట్టి, ముందు జాలీ తలుపు పెట్టాను. పెద్దమ్మగారు రోలు దగ్గర కూర్చుని ఆ గూటి వంక చాలాసేపు చూశారు.

"బాంబు బయటికి పోనాదే," అన్నారు మెల్లిగా. "నాను పదేళ్లనించి సెప్తన్నాను, ఎవులూ ఇనలేదు. సివరికి నీ తాడు ఇన్నాది."

ఆదివారం ప్రార్థన అయింది. గట్టు మీద అన్నం ఉడికింది, కోడికూర ఉడికింది, గారెలు వేగాయి. నేను పెరట్లో అంట్లు తోముతున్న నెపంతో కూర్చుని, ప్రతి గిన్నె దిగినప్పుడల్లా లెక్కపెట్టుకున్నాను. భోజనాలయ్యాక ఆడవాళ్లు వంటిల్లు చూడ్డానికి వచ్చారు. సిలిండరు ఏదని వెతికారు. బయట గూడు చూసి మురిసిపోయారు. కె. కోటపాడు నుంచి వచ్చిన ఒకావిడ, "ఎంత ముందుచూపు! మా ఇంటికీ ఇలాగే కట్టాలి, ఈ మేస్త్రి ఎవరు?" అంది. టీచరమ్మగారు నా వైపు చూశారు. నేను గిన్నె వైపు చూశాను. పెద్దమ్మగారు కొంగు నోట్లో కుక్కుకున్నారు.

సరిగ్గా అప్పుడే మెడకి చెయ్యి వేలాడదీసుకుని మా మేస్త్రి వచ్చాడు. తిన్నగా గట్టు దగ్గరికి వెళ్లి, కింద ఎడం చేతి జాన పెట్టి చూశాడు. మళ్లీ పెట్టాడు.

"ఇదేటే ఇంత పొట్టిగా ఉంది? సీటీలో రాసేను కదా ఎత్తెంతో. సీటీ ఏది?"

బొడ్డు సంచిలోంచి తీసి ఇచ్చాను. చెమటకి మెత్తబడిపోయింది.

"నాకెందుకు, నువ్వే సదువు."

చుట్టూ టీచరమ్మగారు, పెద్దమ్మగారు, పాస్టరుగారు, ఆ కోటపాడు ఆవిడ. పొయ్యి మీద పాలు కాగుతున్నాయి. అవి పొంగితే బాగుణ్ణు, ఎవరో ఒకరు అరుస్తారు, మాట మారిపోతుంది అనుకున్నాను. పొంగలేదు.

"నాకు సదువు రాదు మేస్త్రీ," అన్నాను. "అంకెలు కూడా రావు. ఇరవై ఏళ్లనించీ రావు. తాపీ నువ్వు తీసీసుకో."

టీచరమ్మగారు నన్ను కాపాడదామనుకున్నారో ఏమో, ఆ చీటీ చేతిలోకి తీసుకుని, "నేను చదువుతాను, ఉండండి," అన్నారు. కళ్లజోడు పెట్టుకున్నారు. చీటీ దూరంగా పెట్టారు, దగ్గరగా పెట్టారు, తిరగేశారు.

"ఇది... పైది ఏది, కిందిది ఏది?" అన్నారు.

పాస్టరుగారు అందుకున్నారు. ఆయన కిటికీ వెలుగులో పట్టి చూసి, "మూడు అయి ఉండొచ్చు. ఎనిమిదైనా కావచ్చు. ఇది మాత్రం బాతు," అని పక్కకి ఇచ్చారు. కోటపాడు ఆవిడ అది కొలత కాదు, ఇంటి నక్షా అంది. చివరికి చీటీ తిరిగి తిరిగి మా మేస్త్రి చేతికే వచ్చింది. తను ఎడం చేత్తో రాసినది తనే చదవబోయాడు. పెదాలు కదిలాయి. నుదురు ముడిపడింది. చెవి వెనక గోక్కున్నాడు.

"రాసినప్పుడు బాగానే ఉన్నాది," అన్నాడు.

ముందు నవ్వింది పెద్దమ్మగారు. తర్వాత ఇల్లంతా నవ్వింది. నేనూ నవ్వాను గాని, నాకు కళ్లంట నీళ్లొచ్చాయి. పదిరోజులు నేను ఒక్కదాన్నే చదవలేననుకున్న చీటీ లోకంలో ఎవరూ చదవలేనిది. మొదటి రోజే ఏ ఒక్కరికి చూపించినా ఆ సంగతి బయటపడేది. వెళ్లి నోటితో అడిగి వచ్చేదాన్ని. గట్టు చదువు రాక పొట్టిదవలేదు. రాదని చెప్పడం రాక పొట్టిదయింది.

మేస్త్రి చీటీ ఉండచుట్టి పారేసి నా వైపు తిరిగాడు. "గట్టు పొట్టిదే. నా సీటీ గుడ్డిది. కూడు ఉడికిందా నేదా?"

"ఉడికింది, తిన్నాం, గారెలు కూడా బాగున్నాయి," అని నాకు బదులు పెద్దమ్మగారు చెప్పారు. "సున్నం ఏసిన గారెలు తింటే ఇంకా బాగుండును."

"అయితే తాపీ నీదే," అన్నాడు మేస్త్రి. "తాడు మాత్రం తగలెట్టీ."

టీచరమ్మగారు పొయ్యి కట్టేసి పాలు దించారు. దించుతూ, నా వైపు చూడకుండానే, "మా బడి నాలుగున్నరకి వదులుతారు," అన్నారు. అంతే. ఆ మాట అర్థం కావడానికి నాకు చదువు అక్కర్లేకపోయింది.

మర్నాడు పొద్దున లేచి, నులకతాడు తీశాను. తగలెట్టబుద్ధి కాలేదు. పళ్లతో మూడు ముడులూ విప్పి, మా మంచం కాళ్లవైపు వదులైన చోట బిగించి కట్టి, చెంబుడు నీళ్లు చల్లాను. ఎక్కడ బిగుసుకోవాలో అక్కడ బిగుసుకుంది. తర్వాత తాపీ నడుముకి దోపుకుని, టేపు పట్టుకుని అడ్డాకి వెళ్లాను. మెడకి తువ్వాలు చుట్టుకున్న బావ అప్పటికే నవ్వడానికి సిద్ధంగా ఉన్నాడు. అందరూ చూస్తుండగా టేపు లాగి అతని ముక్కు కింద పెట్టాను.

"బావా, ఇదేటంకె?"

నవ్వుదామని తెరిచిన నోరు అలాగే ఉంచి, వంగి చూశాడు. "ఆరు," అన్నాడు.

టేపు తలకిందులుగా తిప్పి పట్టుకున్నాను. "ఇప్పుడో?"

"తొమ్మిది."

ఒకటి అడిగితే రెండు వచ్చాయి. ఆ పూటకి అవి చాలనుకుని, టేపు మడిచి, ఆ కోటపాడు ఆవిడ వంటిల్లు చూడ్డానికి బస్సెక్కాను.